సరిహద్దు దాటిన కారు

మన సంచికలలో భాషను గూర్చియు, పండుగలను గూర్చియు, పూర్వుల వలసలను గూర్చియు వ్యాసములు వెలువడుట వాడుక. వాటి నడుమ మోటారు కారు రిజిస్ట్రేషనును గూర్చి వ్రాయుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన మన జీవితమున సరిహద్దు దాటి వచ్చునది భాష యొక్కటియే కాదు. మన బంధుత్వములు, పెండ్లి సంబంధములు, ఆస్తిపాస్తులు, తుదకు మన కార్లును దాటుచునే యున్నవి. అనంతపురములో కొన్న కారు బెంగుళూరు వీధులలో తిరుగును. విశాఖపట్టణములో కొన్నది బరంపురము చేరును. యానాములో రిజిస్టరైన బండి ఉదయము కాకినాడ పోయి సాయంకాలమునకు ఇల్లు చేరును. మనుష్యుడు ఎల్ల దాటి కాపురము పెట్టినపుడు ఎవరును కాగితమడుగరు. కారు దాటి వచ్చి నిలిచిపోయినపుడు మాత్రము చట్టము అడుగును. ఏమడుగును, ఎందుకడుగును, దానికి మనము చెప్పవలసిన సమాధానమేమి అనునదే ఈ వ్యాసమున నేను చెప్పదలచిన విషయము.

నంబరు పలకను చాలమంది పోలీసువారి సౌకర్యము కొఱకు ఏర్పడిన గుర్తుగా మాత్రమే భావింతురు. తీరికగా చూచినచో దానిలో మన ప్రాంతముల చరిత్రయే కనిపించును. మోటారు వాహనములకు దేశమంతటికి వర్తించు తొలి చట్టము 1914లో వచ్చినది. దాని స్థానమున 1939 నాటి చట్టము వెలసినది. ఆ కాలపు పలకలపై మైసూరు బండికి ఎమ్ వై తోను, ఒరిస్సా బండికి ఓ ఆర్ తోను అక్షరములు మొదలగుచుండెను. 1988లో చేయబడి, 1989 జూలై 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన నేటి చట్టముతో దేశమంతట ఒకే పద్ధతి స్థిరపడినది. మొదట రాష్ట్రమును తెలుపు రెండక్షరములు, పిదప కార్యాలయమును తెలుపు అంకెలు, ఆపై వరుస అక్షరములు, చివర నాలుగంకెల సంఖ్య. ఆ లెక్కన అనంతపురమునకు ఏపీ 02, బళ్ళారికి కేఏ 34, గంజాము జిల్లాకు ఓఆర్ 07, షోలాపురమునకు ఎంహెచ్ 13, యానామునకు పీవై 04 ఏర్పడినవి.

పిమ్మట రాష్ట్రముల పేళ్లును ఎల్లలును మారినకొలది ఈ అక్షరములును మారినవి. 2012లో ఒడిశా బండ్లకు ఓడీ వచ్చినది. 2014లో తెలంగాణము ఏర్పడినపుడు టీఎస్ వచ్చినది. 2024 మార్చి నుండి క్రొత్త బండ్లకు అది టీజీ అయినది. ఆంధ్రప్రదేశమున 2019లో జిల్లాకొక సంఖ్య పోయి, రాష్ట్రమంతటికి ఒకే వరుసగా ఏపీ 39 మొదలైనది. పాత బండ్లు మాత్రము తమ పాత అక్షరములనే మోయుచున్నవి. మన ఇండ్లలో పెండ్లి జరుగునపుడు పందిరి యెదుట నిలిచిన కార్లను చూడుడు. ఒకే వంశపు అన్నదమ్ముల బండ్లపై నాలుగైదు రాష్ట్రముల అక్షరములు కనిపించును. ఈ సంచిక చదువు కుటుంబములకు ఇది అరుదైన దృశ్యము కాదు.

ఆ అక్షరముల వెనుకనున్న చట్టమును రెండు భాగములుగా గ్రహించినచో చిక్కు సగము విడిపోవును. మోటారు వాహనములు రాజ్యాంగము ఏడవ షెడ్యూలులోని ఉమ్మడి జాబితాలో 35వ అంశము. కావున రిజిస్ట్రేషను చట్టము దేశమునకంతటికి ఒక్కటియే. ఒక రాష్ట్రమున రిజిస్టరైన బండిని మఱియొక రాష్ట్రపు రోడ్డుపై నడుపుటకు వేఱే రిజిస్ట్రేషను అక్కరలేదని ఆ చట్టమే చెప్పుచున్నది. వాహనములపై పన్ను రాష్ట్ర జాబితాలో 57వ అంశము. అందుచేత పన్ను ఏ రాష్ట్రమునకు ఆ రాష్ట్రము తన రేటు ప్రకారము విధించుకొనును. మనము కారు కొన్ననాడు కట్టు లైఫ్ ట్యాక్సు పేరునకు జీవితకాలపు పన్నే గాని, అది ఆ రాష్ట్రపు రోడ్లకే చెల్లును. నంబరు దేశమంతట చెల్లుట, పన్ను సరిహద్దు వద్ద ఆగిపోవుట, ఈ రెంటి నడుమనే మన వంటివారి తిప్పలన్నియు పుట్టుచున్నవి.

ఇక గడువు మాట. 1988 నాటి చట్టము 47వ సెక్షను ప్రకారము ఒక రాష్ట్రపు వాహనమును మఱియొక రాష్ట్రమున పన్నెండు నెలలకు మించి ఉంచుకొన్నచో అచ్చటి అధికారి వద్ద క్రొత్త నంబరు తీసికొనవలెను. పండుగకు వచ్చి పోవువారికిని, ప్రతిదినము ఎల్ల దాటి సాయంకాలమునకు ఇల్లు చేరు యానాము వంటి ఊళ్ల వారికిని ఈ నియమము వర్తింపదు. కాపురము పెట్టిన బండికే వర్తించును. బయటి రాష్ట్రపు బండి 30 దినములు మించి నిలిచినచో జీవితకాలపు పన్ను కట్టవలెనని 2014లో కర్ణాటక తన పన్ను చట్టమును సవరించుకొనినది. ఆ సవరణ చెల్లదని 2016లో ఆ రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆ రెండేండ్లలో బెంగుళూరు కూడళ్ల వద్ద ఏపీ నంబరు బండ్లను నిలిపి ఎన్నాళ్లయినదని అడుగుట మనవారికి అనుభవైకవేద్యము.

ఈ విషయములన్నియు నేను పుస్తకమున చదివి నేర్చుకొన్నవి కావు. మా మేనమామ అనంతపురములో 2013లో ఒక చిన్న పెట్రోలు కారు కొనెను. ఏపీ 02 నంబరు. ఆయన 2022లో కాలము చేసెను. కుమారులిద్దఱు విదేశములలో నున్నారు. కారు కొన్ని నెలలు కొట్టములో గుడ్డ కప్పుకొని పడియుండెను. బయటివారికి అమ్ముటకు మా అత్తయ్యకు మనసొప్పలేదు. బెంగుళూరులోనున్న నాకు ఇచ్చుటకు నిశ్చయించినది. ఆమె పెద్ద కుమారుడు ఫోనులో, "ఎందుకు బావా ఈ తిరుగుడంతా? మన బండే కదా, అట్లే నడుపుకో. ఎవరడుగుతారు?" అని నవ్వెను. మన ఇండ్లలో నూటికి తొంబది మంది చెప్పు మాట ఇదియే.

అత్తయ్య బాధ వేఱు. రిజిస్ట్రేషను కార్డును చేతిలో పట్టుకొని ఆమె అడిగిన ప్రశ్న నాకు నేటికిని వినిపించుచున్నది. "దీంట్లో నుంచి మీ మామ పేరు తీసేయాల్నా నాయనా? కరెంటు బిల్లు ఇంగా ఆయన పేరుతోనే వస్తాంది. ఇదీ అట్లే ఉండనీలే" అనినది. చనిపోయిన మనుష్యుని పేరు ఒక్కొక్క కాగితము నుండి తొలగిపోవుచుండగా చూచువారికి ఆయన మరల మరల మరణించినట్లే యుండును. దానికి చట్టములో సమాధానము లేదు. అయినను కరెంటు బిల్లునకును కారు కార్డునకును గల భేదమును ఆమెకు చెప్పక తప్పినది కాదు.

కారు వలన ఎవరికైనను ప్రాణహానియో, అంగవైకల్యమో కలిగినచో, నష్టపరిహారమునకు న్యాయస్థానము మొదట చూచునది రిజిస్టరులోని పేరును. 2018 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానము ఈ విషయమునే తేల్చి చెప్పినది. ఆ వ్యాజ్యెములో ఒకరు కారును అమ్మివేసిరి. అది చేతులు మారి మారి నాలుగవ మనుష్యునో, ఐదవ మనుష్యునో చేరినది. రిజిస్టరులో పేరు మాత్రము మొదటివారిదే నిలిచిపోయినది. ఆ బండి క్రింద ఒక పసివాడు ప్రాణము కోల్పోయెను. రిజిస్టరులో నున్న మొదటివారే యజమాని, పరిహారమునకు వారే బాధ్యులని తీర్పు వచ్చినది. బండి అమ్మి సొమ్ము పుచ్చుకొని సంవత్సరములు గడచిన మనుష్యుని గతియే అట్లుండగా, ఇక లోకమునే విడిచిన మనుష్యుని పేర బండి నడచుచున్నచో దెబ్బతిన్న కుటుంబము ఎవరి గడప త్రొక్కవలెను? బీమా వారు మొదట అడుగు ప్రశ్న ఏది?

ఇదంతయు విని అత్తయ్య కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "అట్లయితే మార్పించు నాయనా. మీ మామ ఎవరికీ బాకీ పడి బతికిన మనిషి కాదు. పోయినంక ఆయన పేరు అడ్డం పెట్టుకొని మనం తప్పించుకున్నట్లు ఉండకూడదు" అనినది. రిజిస్ట్రేషను చట్టపు సారమంతయు ఆ రెండు మాటలలోనే కలదని నా నమ్మకము. నంబరు పలక కారునకు పెట్టిన పేరు కాదు. ఈ కారునకు జవాబుదారి యెవరని లోకము అడిగినపుడు దొరకవలసిన సమాధానము అది.

యజమాని మరణించినచో చేయవలసినదానిని గూర్చి మనవారిలో తెలిసినవారు తక్కువ. వారసులు మరణించిన 30 దినములలోపల రిజిస్ట్రేషను అధికారికి ఆ సంగతి తెలిపి, బండిని తాము వాడదలచితిమని చెప్పుకొన్నచో, మూడు నెలల వఱకు దానిని తమదివలె వాడుకొనవచ్చును. ఆ మూడు నెలలలో 31వ నంబరు ఫారము నింపి, మరణ ధ్రువపత్రమును, రిజిస్ట్రేషను కార్డును, బీమా కాగితమును, తక్కిన వారసుల సమ్మతిని జతపఱచి పేరు మార్పించుకొనవలెను. మా మామ పోయిన పదునైదు దినములకే అత్తయ్య చేత ఆ ఉత్తరము వ్రాయించి ఇచ్చితిమి. విదేశములలోని కుమారుల సమ్మతి పత్రములు వచ్చుటకు కొంత కాలము పట్టినను గడువులోపలనే పని ముగిసినది. 2021లో నియమములను సవరించి, యజమాని బ్రతికియుండగనే తన తరువాత బండి ఎవరికి చెందవలెనో నామినీగా వ్రాయించుకొను వీలు కల్పించిరి. బ్యాంకు ఖాతాకు నామినీని వ్రాయుట మనకు అలవాటే. తల్లిదండ్రులొక రాష్ట్రమున, బిడ్డలొక రాష్ట్రమున నున్న కుటుంబములకు కారు విషయమునను ఇది మిక్కిలి ఉపకరించును.

బండి అత్తయ్య పేరునకు మారిన పిదప సరిహద్దు దాటించు ఘట్టము మొదలైనది. ఇందులకు 28వ ఫారముతో నిరభ్యంతర పత్రము కోరవలెను. దీనినే అందఱు ఎన్‌ఓసీ అందురు. పన్ను బాకీ లేదని, జరిమానాలు మిగిలియుండలేదని, అప్పు పెట్టి కొన్న బండియైనచో అప్పు తీరినదని లేక అప్పిచ్చినవారు సమ్మతించిరని చూచి, పాత రాష్ట్రపు అధికారి దీనిని ఇచ్చును. దొంగిలించిన బండ్ల పట్టికలో ఇది లేదని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల నుండి ధ్రువీకరణ కూడ తీసికొందురు. చాసిస్ నంబరుపై కాగితమునుంచి పెన్సిలుతో రుద్ది ఆ అచ్చును ఫారమునకు అంటింతురు. ఇంత యంత్రయుగములోను ఈ పెన్సిలు అచ్చు పోలేదు. చేతివ్రాతలో అంకె తప్పవచ్చును గాని, ఇనుము మీది అచ్చు తప్పదు గదా!

మా దరఖాస్తు ఒక కార్యాలయమున కదలక కూర్చున్నది. రెండు మాఱులు అడుగగా రేపు రమ్మనిరి. ఒక ఏజెంటు వచ్చి తన దారి చెప్పెను. ఆ దారి మేము పోలేదు. చట్టము 48వ సెక్షనులో ఒక మంచి మాట ఉన్నది. దరఖాస్తు అందిన 30 దినములలో అధికారి కాదని తెలుపనిచో, నిరభ్యంతర పత్రము ఇచ్చినట్లే భావింపబడును. దరఖాస్తు రసీదును ఆ సెక్షను సంఖ్యతో కూడిన చిన్న ఉత్తరమునకు జతచేసి ఇచ్చితిమి. నాలుగవ దినమున పత్రము చేతికి వచ్చినది. కావున పాఠకులకు నా మనవి యేమనగా, ఏ కాగితము ఇచ్చినను రసీదు పుచ్చుకొనుడు. రసీదు లేని దరఖాస్తు చిరునామా లేని ఉత్తరము వంటిది.

బెంగుళూరులో కారును తనిఖీకి చూపవలసి యుండెను. అందుకు ముందు ఎఱిగిన మెకానిక్కు వద్దకు తీసికొనిపోతిని. కారు బయటికి నిగనిగలాడుచుండెను. మామ తుడిచి తుడిచి పెట్టుకొన్న బండి. టైర్ల గాడులు లోతుగానే యున్నవి. మెకానిక్కు చక్రము విప్పి బ్రేకు రబ్బరు గొట్టమును వంచి చూపెను. దాని పొడవునను సన్నని బీటలు. బ్రేకు నూనె నల్లబడి యుండెను. ఆ నూనెకు గాలిలోని చెమ్మను పీల్చుకొను గుణము కలదు. చెమ్మ చేరిన నూనె వేడికి ఆవిరి పొంగి, గట్టిగా త్రొక్కినపుడు బ్రేకు పట్టు జాఱును. తిరిగిన కారునకే అరుగుదల యని మన యూహ. నిలిచిన కారునకును ముసలితనము వచ్చును. రబ్బరు బిగుసుకొనును, బ్యాటరీ దిగును, గాడులు మిగిలిన టైరు సైతము రాయివలె గట్టిపడును. గొట్టములు, నూనె, రెండు టైర్లు మార్చిన పిదపనే కారు తనిఖీకి పోయినది. మా బావమఱది చెప్పినట్లు అట్లే నడుపుకొనియున్నచో ఆ గొట్టము ఏ పలమనేరు కనుమలో తెగియుండునో ఊహించుటకే భయమగును.

మన పల్లెలలో మోటారు వాహన తనిఖీ అధికారిని బ్రేక్ ఇన్‌స్పెక్టరు అందురు. ఆ పేరు పెట్టినవారు తెలివైనవారు. తక్కినవన్నియు ఉండి బ్రేకు లేని బండి బండి కాదు. అచ్చటి అధికారి మొదట చాసిస్ నంబరును, ఇంజను నంబరును కాగితములతో సరిచూచెను. దీపములు, హారను, అద్దము తుడుచు పుల్లలు, సీటు బెల్టులు, టైర్లు చూచెను. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. పిమ్మట కొంత దూరము నడిపించి బ్రేకు వేయించెను. పొగ పరీక్ష పత్రమును చూచెను. పెట్రోలు బండికి కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బనుల పాళ్లను, డీసెలు బండికి పొగ చిక్కదనమును కొలుతురు. క్రొత్త బండికి మొదటి సంవత్సరము ఈ పత్రము అక్కరలేదు. ఆ తరువాత తప్పక ఉండవలెను. లేనిచో 2019 సవరణ ప్రకారము జరిమానా 10,000 రూపాయల వఱకు పోవచ్చును.

కార్యాలయములో ఒక చిన్న సంగతి జరిగినది. బదిలీ కొఱకు నింపు 29, 30 ఫారములపై అత్తయ్య తెలుగులో సంతకము చేసియుండెను. ఆమెకు మఱియొక సంతకము రాదు. ఇది చెల్లదందురేమోయని నాకు సంకోచము కలిగినది. గుమాస్తా ఆ సంతకమును కూడబలుకుకొని పైకి చదివి, మా లిపికి చెల్లెలే గదా యని కన్నడములో అని నవ్వి ముద్ర వేసెను. సంతకము ఏ భాషలోనైనను సంతకమే. కన్నడిగుడు తెలుగు సంతకమును చదువగలుగుట మనకు కొత్త గాదు గాని, ప్రభుత్వ కార్యాలయపు బల్ల మీద ఆ చుట్టరికము కనిపించినపుడు కలుగు సంతోషము వేఱు.

ఆ తరువాత 27వ ఫారముతో క్రొత్త నంబరు, కారు వయస్సును బట్టి కర్ణాటకపు పన్ను, కేఏ పలకలు వచ్చినవి. దేశములో ఈ పన్ను హెచ్చుగానున్న రాష్ట్రములలో కర్ణాటక యొకటి. పాత రాష్ట్రమున కట్టిన పన్నులో మిగిలిన కాలమునకు తగిన భాగమును వాపసు కోరవచ్చును. దానికి వేఱే దరఖాస్తు, వేఱే ఓపిక. బీమా పాలసీని బదిలీ జరిగిన 14 దినములలో పేరు మార్పుకై పంపితిమి. నంబరు మారినను రిజిస్ట్రేషను గడువు మారదు. మొదటి రిజిస్ట్రేషను నుండి 15 సంవత్సరములే లెక్క. మా కారునకు 2028లో అది ముగియును. అప్పుడు 25వ ఫారముతో మరల తనిఖీ చేయించి, ఐదేండ్లకొకమాఱు పొడిగించుకొనవలెను. కారునకు ఈ పొడిగింపు రుసుము 600 రూపాయలుండగా 2022 ఏప్రిల్ 1 నుండి 5,000 అయినది. 20 ఏండ్లు దాటిన కార్లకు 2025లో 10,000 చేసిరి.

ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. 2019 సవరణ తరువాత కంపెనీలో సంపూర్ణముగా తయారై డీలరు వద్ద కొన్న క్రొత్త కారును అధికారి యెదుట నిలుపవలసిన పని లేదు. అనగా సొంత కారు వేఱొక రాష్ట్రమునకు మారకున్నచో, దానిలో మార్పులు చేయింపకున్నచో, పదునైదేండ్ల వఱకు ఏ బ్రేక్ ఇన్‌స్పెక్టరును దానిని చూడడు. బాడుగ బండ్లకు, బస్సులకు ఫిట్‌నెసు పరీక్ష కలదు. మన సొంత బండికి మనమే ఇన్‌స్పెక్టర్లము. ప్రభుత్వము చూడలేదు గనుక బండి బాగున్నదనుకొనుట, వైద్యుని వద్దకు పోలేదు గనుక రోగము లేదనుకొనుట వంటిది.

పన్ను హెచ్చుతగ్గులను చూచి అడ్డదారి త్రొక్కువారు కొందఱున్నారు. పుదుచ్చేరి ప్రాంతమున పన్ను తక్కువయని, అచ్చట నివసింపకయే ఏదో యొక చిరునామా చూపి ఖరీదైన కార్లను రిజిస్టరు చేయించుకొనుటపై 2017లో కేరళమున విచారణలు జరిగినవి. నివాసమో, వ్యాపార స్థలమో ఉండి, బండిని వాడుకగా ఉంచుకొను రాష్ట్రముననే రిజిస్టరు చేయవలెనని 40వ సెక్షను చెప్పుచున్నది. యానామువారి పీవై నంబరు వారి హక్కు, వారి చిరునామా. దానిని ఇతరులు అద్దెకు తెచ్చుకొన్నచో నష్టము నిజముగా అచ్చట కాపురమున్నవారికే. వారి బండిని సైతము పొరుగూరిలో అనుమానముతో చూచు రోజు వచ్చును. అట్లే మన బంధువుల చిరునామాను బండి కొఱకు అడుగువారికి మర్యాదగా కాదనుటయే మేలు.

ఉద్యోగరీత్యా రాష్ట్రములు మారువారికొఱకు 2021 సెప్టెంబరు 15 నుండి భారత్ సిరీస్ వచ్చినది. పలకపై రాష్ట్రపు అక్షరములకు బదులు బీహెచ్ అని యుండును. పన్ను రెండేండ్లకొకమాఱు కట్టవచ్చును. రాష్ట్రము మారినను నంబరు మార్చ నక్కరలేదు. ఇది రక్షణ దళముల వారికి, కేంద్ర, రాష్ట్ర, ప్రభుత్వ రంగ ఉద్యోగులకు, నాలుగు లేక అంతకు మించిన రాష్ట్రములలో కార్యాలయములు గల సంస్థల ఉద్యోగులకు మాత్రమే. షోలాపురములో నేతపని చేయు మన పద్మశాలి కుటుంబమునకు గాని, హోసూరులో కొట్టు పెట్టుకొన్నవారికి గాని, బళ్ళారి రైతుకు గాని ఇది దొరకదు. తరతరములుగా రెండు రాష్ట్రముల నడుమ బ్రతుకుచున్నది వారే. ఈ సదుపాయమును వారికిని విస్తరింపవలెనని మన సంఘములు అడుగుట న్యాయము.

కేఏ పలకలు బిగించిన పిదప వచ్చిన ఉగాదికి అత్తయ్య మా యింటికి వచ్చినది. కారు ముందు నిలిచి, ఏపీ 02 పోయెనని కొంత చిన్నబోయినది. ఇంజను వెనుక రేకుపై కొట్టియున్న చాసిస్ నంబరును ఆమెకు చూపితిని. అది పదునేడు గుర్తుల వరుస. ఒకటి, సున్నలతో పొరపడకుండుటకై ఐ, ఓ, క్యూ అను అక్షరములను దానిలో వాడరు. ఏ దేశమున, ఏ కర్మాగారములో పుట్టినదో దానిని బట్టి తెలియును. కారు ఎన్ని రాష్ట్రములు దాటినను, ఎందఱి పేర మారినను, ఆ సంఖ్య మారదు, మార్చుట నేరము. ఆమె దానిని వ్రేలితో తడిమి చూచి, "ఇది మీ మామ కొన్నప్పటిదేనా?" అని అడిగినది. అవునంటిని. అంతటితో ఆమె మనసు కుదుటబడినది.

మన విషయమును అంతియే యని వేఱుగ చెప్ప బనిలేదు. కొందఱు యువకులు భాషాభిమానముతో నంబరు పలకపై తెలుగు అంకెలు వ్రాయించుకొనుట చూచినాను. కన్నడము, మరాఠీలలో వ్రాయించుకొనువారును ఉన్నారు. నియమము ప్రకారము ఆ పలకపై ఇంగ్లీషు అక్షరములు, అంతర్జాతీయ అంకెలు మాత్రమే యుండవలెను. 2019 ఏప్రిల్ 1 నుండి అమ్మిన బండ్లకు వచ్చు హెచ్చు భద్రతా పలకను మార్చరాదు. ఎవరికైనను దెబ్బ తగిలినపుడు దారిన పోవువాడు క్షణములో చదివి చెప్పగలుగుటకే ఆ నియమము. భాషాభిమానమునకు ఇంట పిల్లల చేత అక్షరములు దిద్దించుటకంటె మేలైన చోటు వేఱొకటి లేదు.

ఈ సంచిక చేతికందిన వారము లోపల ఒక సాయంకాలము కారు కాగితముల సంచిని విప్పి చూడుడు. కార్డులో నున్న పేరు జీవించియున్న మనుష్యునిదేనా? చిరునామా ఇప్పుడు నివసించు ఇంటిదేనా? ఇల్లు మారి 30 దినములు దాటినదా? పొరుగు రాష్ట్రపు బండియైనచో వచ్చి ఎన్ని నెలలైనది? బీమా, పొగ పత్రము, రిజిస్ట్రేషను గడువులు ఏ తేదీలకు ముగియును? అమ్మివేసిన పాత బండి కార్డులో ఇంకను మీ పేరే యున్నదా? ఈ ప్రశ్నలకు సమాధానములను ఒక నోటు పుస్తకమున వ్రాసి, ఇంటిలో మఱియొకరికి ఆ పుస్తకమున్న చోటు చెప్పి యుంచుడు. పిదప కారును ఎఱిగిన మెకానిక్కు వద్దకు కొనిపోయి, మొట్టమొదట బ్రేకు గొట్టములను చూపించుడు.